డేగ వాదన

కుక్కకి పెరుగన్నం పెట్టి పెంచొచ్చా, పిల్లికి పాలు సరిపోతాయా అన్న చర్చ శాకాహారుల ఇళ్ళల్లో ఎప్పట్నించో ఉంది. చేప దగ్గరికొచ్చేసరికి ఆ చర్చ వినపడదు. చేపే కదా, డబ్బాలోంచి నాలుగు గింజలు చల్లితే తింటుంది. ఆ గింజలు దేంతో చేశారో డబ్బా వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. లేబుళ్ళు చదవడం నాకు ఉద్యోగం అంటించిన జబ్బు కాబట్టి చదివాను. మొదటి పదార్థం చేపల పొడి, రెండోది రొయ్యల పొడి. గుడ్డు కూడా గడప దాటి లోపలికి రాని మా ఇంట్లో, టీవీ పక్కన, ఆ డబ్బా అప్పటికే నెల రోజులుగా ఉంది.

పాప పుట్టినరోజుకి మా తమ్ముడు తెచ్చిన బెట్టా చేపది ఆ మేత. షాపుల్లో ఫైటర్ అంటారు. దీని సొంతూరు థాయ్‌లాండ్, అక్కడి వరిమళ్ళు, లోతులేని నీటిగుంటలు. 2019లో ఆ దేశం దీన్ని జాతీయ జలచరంగా ప్రకటించింది కూడా. దీని నోరు చూడండి, పైకి తిరిగి ఉంటుంది. నీటి మీద వాలే పురుగుని కింద నుంచి అందుకోడానికి ఏర్పడ్డ నోరు అది. దోమ లార్వాలు, చిన్న పురుగులు, నీళ్ళలో కంటికి ఆనీ ఆనకుండా తేలే రొయ్యజాతి జీవులు, ఇవే దాని తిండి. మనకి తెలిసిన చేపల్లో దీని చుట్టం ఎవరంటే కొర్రమీను. రెండూ ఒకే వర్గం, రెండూ నీటి పైకొచ్చి గాలి పీలుస్తాయి, రెండూ వేటాడే బతుకుతాయి.

ఇంతవరకూ తెలిశాక దీనికి ఏం పెట్టాలన్నది పెద్ద చిక్కు ప్రశ్న కాదు. పిండి తక్కువ, చేప రొయ్య ఎక్కువ ఉన్న పెల్లెట్స్ పొద్దున రెండో మూడో, సాయంత్రం రెండో మూడో. దాని పొట్ట దాని కన్నంత ఉంటుందని పెంచేవాళ్ళు ఒక లెక్క చెప్పుకుంటారు, కొలిచి చూడక్కర్లేదు గానీ గుర్తు పెట్టుకోడానికి బావుంటుంది. వారంలో రెండు మూడు సార్లు పెల్లెట్స్ మానేసి బ్లడ్‌వార్మ్స్ (ఎర్రగా ఉండే ఒక రకం ఈగ లార్వాలు), ఆర్టీమియా, డాఫ్నియా లాంటివి మార్చి మార్చి పెట్టాలి. రోజూ బ్లడ్‌వార్మ్సే పెడితే అది రోజూ బిర్యానీ తిన్నట్టే. డాఫ్నియా పెంకు అరగదు కాబట్టి మనకి పీచు చేసే పని దానికి అది చేస్తుంది. ఎండబెట్టిన పురుగులు నీళ్ళలో ఉబ్బుతాయి, నానబెట్టకుండా వేస్తే ఆ ఉబ్బడమేదో పొట్టలో జరుగుతుంది. షాపుల్లో బతికున్న ట్యూబిఫెక్స్ ముద్దలు ముద్దలుగా అమ్ముతుంటారు. అవి మురుగులో పెరిగే పురుగులు, రోగాలు మోసుకొస్తాయి, వాటి జోలికి పోకపోతే మేలు. వారంలో ఒకరోజు ఏమీ పెట్టకూడదు.

ఆఫీసులో అయితే రిక్వైర్‌మెంట్స్ క్లియర్ అనేసి టికెట్ మూసేసేవాణ్ణి. ఇంట్లో మూయడం కుదర్లేదు. ఫ్రీజ్ చేసిన బ్లడ్‌వార్మ్స్ డబ్బా తెస్తానన్నప్పుడు అమ్మ అడ్డంపడింది.

"పురుగుల్ని తెచ్చి నా ఫ్రిజ్‌లో పెడతావట్రా? కరివేపాకు పక్కన?"

"దాని తిండి అదేనమ్మా."

"చేపలకి పెట్టడం నాకు తెలీదా? కోనేట్లో మరమరాలు వేస్తే ఎట్లా ఎగబడతాయో నువ్వు చూళ్ళేదూ?"

చూశాను. చిన్నప్పుడు ప్రతి గుళ్ళోనూ నా చేతిలో మరమరాల పొట్లం పెట్టింది తనే. కోనేరు చేపలు చాలావరకూ కార్ప్ జాతివి, బొచ్చెలూ శీలావతులూ లాంటివి, అవి మరమరాలు తినగలవు. బెట్టా తినలేదు, తిన్నా దానికి ఒంటబట్టదు. ఇది చెప్పడం తేలికే. కానీ అమ్మ మాట వెనక ఒక పద్ధతి ఉంది, దాన్ని బయాలజీతో కొట్టిపారేయడం నాకు నచ్చలేదు. బియ్యప్పిండితో ముగ్గేస్తే చీమలు తింటాయి. పితృకార్యం నాడు వండిందాంట్లోంచే కాకికి ముద్ద. మన కంచంలో ఉన్నదే ఇంకో ప్రాణికి పెట్టడం, దాని ప్రాణమూ మన ప్రాణమూ ఒకే అన్నంతో నిలవడం. చాలా అందమైన ఊహ అది. నాకు అందులో కనపడే లోటల్లా ఒకటే. తినేవాడికి అది అరుగుతుందా అని ఈ పద్ధతి ఎప్పుడూ అడగదు. పుణ్యం పెట్టిన చేతి ఖాతాలో పడిపోతుంది.

మనం ఏమన్నా మెరుగా అంటే కాదు. వేలు చూపిస్తే బెట్టా అద్దం దగ్గరికి ఉరికొస్తుంది, రెక్కలు విప్పుతుంది, ఒళ్ళంతా ఊపుతుంది. అది మన మీద ప్రేమ అనుకుని ఇంకో రెండు గింజలు వేస్తాం. ఫోన్‌లో ఎర్ర చుక్క కనపడగానే నొక్కే వేలే అది. ఎక్కువైన మేత కింద కుళ్ళి అమ్మోనియా అవుతుంది, చేప పొట్ట ఉబ్బి పక్కకి ఒరిగిపోతుంది. ముద్దు చేసి చంపడం అన్న మాట ఇంత సూటిగా అన్వయించే చోటు ఇంకోటి నాకు తెలీదు.

ఇక్కడే నాకు శిబి చక్రవర్తి గుర్తొచ్చాడు. పావురం ఒళ్ళో వాలడం, డేగ వెంటపడి రావడం, రాజు తొడకోసి తూకం వేయడం అందరికీ తెలిసిందే. భారతం అరణ్యపర్వంలో ఈ కథ ఉశీనరుడి పేరుతో ఒకసారి, శిబి పేరుతో ఒకసారి వస్తుంది. డేగ ఇంద్రుడనీ పావురం అగ్ని అనీ చివర్లో తెలుస్తుంది కాబట్టి డేగ అన్నదంతా పరీక్ష కోసం వేసిన వేషం అనుకుని వదిలేస్తాం. కానీ అది చెప్పిన మాట వినాలి. పావురం నా ఆహారం, నాకు తిండి లేకుండా చేస్తే నేను పోతాను, నా పెళ్ళాం పిల్లలూ పోతారు, ఒక్క ప్రాణం కాపాడి ఇన్ని తీయడం ఏం ధర్మం అంటుంది. రాజు దాన్ని ఖండించలేడు, నాకు తెలిసి కథ కూడా ఖండించదు. ఇంకో విషయం మనం పిల్లలకి చెప్పేటప్పుడు ఎగరగొట్టేస్తాం. తొడ కోయడానికి ముందు రాజు వేరే బేరం పెడతాడు. ఎద్దు మాంసమో, పంది మాంసమో, లేడి మాంసమో ఇప్పిస్తాను, పావురాన్ని వదిలెయ్యి అంటాడు.

ఆ బేరమే నా టీవీ పక్కన ఉన్న డబ్బా.

ఒళ్ళో వాలిన పావురానికి మొహం ఉంది, లేడి ఎక్కడో అడవిలో ఉంది. కప్పులో మెలికలు తిరిగే లార్వా కనపడుతుంది, పెల్లెట్‌లో చేప కనపడదు. ప్రపంచంలో చేపల పొడి అత్యధికంగా తయారయ్యేది పెరూ తీరంలో పట్టే ఆంకోవెటా అన్న చిన్న చేపతో. మన పడమటి తీరంలో అదే పనికి నూనె కవళ్ళు వెళ్తాయి. అవీ వల్లో కొట్టుకునే చచ్చాయి. గుండ్రంగా, వాసన తక్కువగా, మూత గట్టిగా ఉన్న డబ్బాలో వచ్చేసరికి అవి 'మేత' అయిపోయాయి. ఫ్రీజర్‌లో పురుగుల డబ్బాకి అడ్డుపడ్డ అమ్మ, టీవీ పక్కన డబ్బాకి అడ్డుపడలేదు. చెప్తే వింది, కాసేపు ఊరుకుని, "అది పొడి కదరా" అంది. చాలా నిజాయితీ ఉన్న జవాబు. మనలో చాలామంది నైతికత నిలబడేది ఆ పొడి మీదే.

తప్పించుకునే దారి ఉందా అని చూశాను. మృగశిర కార్తెకి హైదరాబాద్‌లో చేప ప్రసాదం పంచేటప్పుడు బతికున్న చిన్న కొర్రమీను నోట్లో మందు పెట్టి మింగిస్తారు, శాకాహారులకి మాత్రం అదే మందు బెల్లంలో పెట్టి ఇస్తారు. మనిషికి ఎప్పుడూ బెల్లం ఆప్షన్ ఉంటుంది. బెట్టాకి లేదు. పిండీ సోయా ఎక్కువున్న చవక పెల్లెట్స్ ఉన్నాయి గానీ వాటితో తేలిక పడేది నా మనసు, బరువెక్కేది దాని పొట్ట.

తక్కువ ప్రాణాలు పోయే తిండి ఏదో లెక్కేద్దామా అంటే అక్కడ లెక్కే విరిగిపోతుంది. ఆర్టీమియా గుడ్లు ఎండిపోయి ఏళ్ళతరబడి బతికుంటాయి, అమెరికాలో యూటా రాష్ట్రపు గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి డబ్బాల్లో వస్తాయి. ఉప్పునీళ్ళలో గాలి బుడగలు వదిలితే ఒక రోజులో పొదుగుతాయి. గ్రాములో రెండు మూడు లక్షల గుడ్లు. చిటికెడు పొదిగిస్తే ఒక చేప ఒక పూట భోజనానికి కొన్ని వందల ప్రాణాలు. తలల లెక్కే లెక్కయితే ఒక్క ఆంకోవెటా చావు నయం. నొప్పి లెక్క అంటే, ఎవరికి నొప్పి ఉంది? పీటర్ సింగర్ 1975లో రాసిన 'యానిమల్ లిబరేషన్'లో గీత రొయ్యకీ ఆల్చిప్పకీ మధ్య ఎక్కడో గీశాడు, తర్వాతి ఎడిషన్‌లో ఆల్చిప్పల విషయంలో మళ్ళీ అనుమానపడ్డాడు. బ్రిటన్ 2022 చట్టం పీతల్నీ రొయ్యల్నీ ఆక్టోపస్‌లనీ అనుభూతి ఉన్న జీవుల్లో చేర్చింది. ఆర్టీమియా, డాఫ్నియా ఆ జాబితాలో లేవు. గీత కదులుతూనే ఉంది. శిబి తూకంలో కూడా అంతే కదా, ఎంత మాంసం వేసినా పావురం వైపే మొగ్గుతుంది, చివరికి రాజే ఎక్కి కూచోవాల్సి వచ్చింది. నేను ఎక్కి కూచోలేను.

అసలు పెంచడమే మానేయొచ్చు కదా అంటారు. బహుశా అదే సరైన జవాబు. నాకు ఇంకో బెట్టాని కొనే ఉద్దేశం లేదు. కానీ అది రాబోయే చేపకి జవాబు, ఇప్పుడున్న చేపకి కాదు. డేగకీ దీనికీ ఉన్న తేడా అక్కడే. రాజు కాదంటే డేగ ఎగిరిపోయి ఇంకో పిట్టని పట్టుకోగలదు. దీని చుట్టూ ఉన్న నాలుగు గోడలూ మా ఇంటివి. నా అహింస కోసం దీన్ని పస్తుంచితే ఆ హింస ఎవరిది?

ఇంకో ప్రశ్న ఉంది, నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది అదే. పోషకాలన్నీ పెల్లెట్‌లో ఉంటే బతికున్నది ఎందుకు? బతికున్న లార్వాని వేసినప్పుడు బెట్టా చేసే పని వేరు. ఆగుతుంది. ఒళ్ళు విల్లులా వంచుతుంది. ఒక కన్ను తిప్పి చూస్తుంది, తర్వాత ఒక్క దూకు. పెల్లెట్‌కి అది ఏదీ చెయ్యదు, వచ్చి మింగి వెళ్ళిపోతుంది. ఒక ప్రాణికి మనం బాకీ ఉన్నది ప్రోటీను శాతమా, దాని బతుకా? రెండోదే అని నాకు లోపల అనిపిస్తుంది. అనిపించాక మళ్ళీ అనుమానం. దీని పొడుగాటి రెక్కలు అడవిలో వచ్చినవి కావు, మనుషులు అందం కోసం తరాల పాటు ఎంచి ఎంచి పెంచినవి. ఆ బరువుతో పావు వంతు లార్వాలు దీనికి చిక్కనే చిక్కవు. ఏ సహజత్వం పేరుతో నేను లార్వాని చంపుతున్నానో అందులో సగం మనుషులు తయారుచేసిందే. అయినా ఆ ఆగడం, ఆ వంగడం చూశాక రోజూ గింజలే వేయడం నావల్ల కాలేదు.

విచిత్రంగా దారి చూపించింది అమ్మే. "దోమ పిల్లలైతే వెయ్యి. అవి మనల్ని తింటాయి." దీపాల వేళకి బ్యాట్ పట్టుకుని టపటపా దోమల్ని కాల్చే మనిషి తను, ఆ న్యాయం ప్రకారం ఇది సబబే. కుట్టేది ఎదిగిన ఆడ దోమ, లార్వా ఇంకా ఎవర్నీ కుట్టలేదు, చెయ్యబోయే నేరానికి ముందే శిక్ష అన్నాను. "నీతో వాదన నాకెందుకు" అని వెళ్ళిపోయింది. మున్సిపాలిటీ వాళ్ళు చెరువుల్లో గంబూసియా చేపల్ని వదిలేది ఇందుకే. 1928 నుంచి ఈ దేశంలో ఆ చేపల పని దోమ లార్వాలని తినడమే. దాన్ని ఎవరూ జీవహింస అనలేదు, ప్రజారోగ్యం అన్నారు.

ఇప్పుడు బాల్కనీలో ఒక చిన్న బకెట్ ఉంది. నాలుగు రోజులు మూత తీసి ఉంచుతాం, తర్వాత సన్నటి వల గట్టిగా కట్టేస్తాం. మన ఎండలకి గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు, పక్క ఫ్లాట్‌లో నెలల పిల్లాడున్నాడు, డెంగీ సీజన్‌లో నా చేప వినోదానికి వాడు మూల్యం కట్టకూడదు. అందుకని వానాకాలంలో బకెట్ బంద్, పెల్లెట్సే. మిగతా రోజుల్లో పాప డ్రాపర్‌తో లెక్కపెట్టి వేస్తుంది, పూటకి నాలుగు. ఉపవాసం ఏ రోజన్నది కూడా అమ్మే తేల్చింది. తను ఒక్కపొద్దుండే శనివారమే చేపకీ.

దానికి ముందు రోజు, ఫ్రైడే డ్రైడే అని ఊరంతా చెప్పే రోజున, బకెట్ ఖాళీ చేస్తాను. అప్పటికి అడుగున ముప్పయ్యో నలభయ్యో మిగిలి ఉంటాయి. టెర్రస్ మీద ఎండకి కాలిన గచ్చు మీద ఒంపేస్తాను, రెండు నిమిషాల్లో కదలడం ఆగిపోతాయి. వాటిని ఏ చేపా తినలేదు. వాటి గురించి ఇంట్లో ఇంతవరకూ ఎవరూ ఏమీ అనలేదు, అమ్మ కూడా.