తీర్పుకి తొందరేం లేదు కోడలా

కోడలా,

సోషియాలజీ ఎమ్మేలో సీటొచ్చిందని మీ అమ్మ సంబరంగా చెప్పింది. అరగంట తిరక్కుండా మీ నాన్న ఫోన్ చేసి, "బావా, ఆ చదువుకి ఉద్యోగం ఏమొస్తుంది?" అన్నాడు. ఆయనకి చెప్పాల్సిన జవాబు చిన్నదే, చివర్లో చెబుతాను. ముందు నీతో మాట్లాడాల్సింది ఉంది.

ఫిజిక్స్ క్లాసుకొచ్చే పిల్లలు తమకి ఫిజిక్స్ రాదనుకుని వస్తారు. సోషియాలజీకి వచ్చేవాళ్లు అన్నీ తెలిసే వస్తారు. కులం ఎందుకు పోవడం లేదో తెలుసు, పల్లెలు ఎందుకు ఖాళీ అవుతున్నాయో తెలుసు, ఆడపిల్లలు చదువు మధ్యలో ఎందుకు మానేస్తున్నారో తెలుసు. ఆ మాటకొస్తే మన బస్టాండు టీకొట్టు దగ్గర ఎవర్ని కదిపినా ఇవన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాడు. ఈ సబ్జెక్టు చెప్పి రిటైరైనవాడిగా నా మాట ఇది: ఎమ్మే రెండేళ్లూ నువ్వు అలవాటు చేసుకోవాల్సింది ఆ తెలిసినదాన్ని కాసేపు పక్కన పెట్టడం. ఎవరు చెప్పారు, ఎవర్ని అడిగి చెప్పారు, ఎవర్ని అడక్కుండా వదిలేశారు? ఇవి తేలేదాకా తీర్పు చెప్పకు.

మొదటి సెమిస్టర్‌లోనే నీకు ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త దుర్ఖైమ్ తగులుతాడు. ఆత్మహత్యల మీద 1897లో ఆయన వేసిన పుస్తకం సిలబస్‌లో ఉంటుంది. నోట్సుల్లో అందులోని నాలుగు రకాల పేర్లు బట్టీ పట్టిస్తారు. పరీక్షకి అవి చాలు, నీకు చాలవు. ఆ పుస్తకం వెనక దాదాపు 26,000 చావుల తాలూకు కాగితాలున్నాయి. వాటిని ఒక్కొక్కటీ తీసి వయసెంత, ఆడా మగా, పెళ్లయిందా, పిల్లలున్నారా అని విడదీసిపెట్టింది ఆయన మేనల్లుడు మార్సెల్ మోస్. (మేనమామలు మేనల్లుళ్ల చేత వెట్టిచాకిరీ చేయించుకోవడం మన దగ్గరే ఉందనుకోకు. ఆ కుర్రాడు తర్వాత మామకి దీటైన పండితుడయ్యాడులే.) అచ్చంగా మనిషి సొంత వ్యవహారం అనుకునే చావుకి కూడా సమాజంలో కారణాలుంటాయని దుర్ఖైమ్ ఆ లెక్కలతో వాదించాడు. 1967లో జాక్ డగ్లస్ అనే అమెరికన్ ఇంకో ప్రశ్న లేవదీశాడు. ఫలానా చావు ఆత్మహత్యేనని కాగితం మీద రాసిందెవరు? నలుగురి అండా ఉన్న కుటుంబం ఆ మాట అంత సులువుగా రాయనిస్తుందా?

ఇది ఫ్రాన్సు గొడవ అని తోసేయకు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలు తీసి చూడు. 2013లో వ్యవసాయం మీద బతికేవాళ్ల ఆత్మహత్యలు 11,772. మరుసటేడు రైతుల ఆత్మహత్యలు 5,650. ఏడాదిలో సగానికి సగం తగ్గాయని పేపర్లో హెడ్డింగ్ పెట్టుకోవచ్చు. అయితే 2014 నుంచి వ్యవసాయ కూలీలకి వేరే కాలమ్ గీశారు. అందులో 6,710 మంది ఉన్నారు. రెండూ కూడితే అంతకు ముందు ఏడాది కంటే ఎక్కువే తేలుతుంది.

ఇప్పుడు మన ఊళ్లో కౌలుకి చేసుకునే మనిషి సంగతి చూడు. పాస్ పుస్తకం ఆసామి పేరు మీద ఉంటుంది. బ్యాంకు అప్పు ఆసామికి పుడుతుంది, ఇతనికి పుట్టేది ఎరువుల కొట్టాయన దగ్గర వడ్డీకే. రేపు ఏదన్నా జరిగితే స్టేషన్‌లో కాగితం రాసేవాడు ఇతన్ని రైతు కింద రాస్తాడా, కూలీ కింద రాస్తాడా? పక్కన తెలంగాణలో 2018లో పెట్టిన రైతుబీమా పథకం, పట్టా ఉండి, 18 నుంచి 59 ఏళ్ల లోపు వయసున్న రైతు పోతే ఆ కుటుంబానికి ఐదు లక్షలిస్తుంది. కౌలుదారుకి అందులో చోటు లేదు. ఇక నాట్లేసి, కలుపు తీసి, కోతలదాకా పొలంలోనే ఉన్న ఆడమనిషి పోతే, పొలం ఆమె పేరున లేదు గనక గృహిణి అని రాసేస్తే ఆ కాగితం చూసినవాడికి ఏం తెలుస్తుంది? 'రైతుల ఆత్మహత్యలకి కారణాలు' అని వ్యాసం మొదలుపెట్టే ముందు రైతు అంటే ఎవరో తేల్చుకోవడానికే నీకు నెల పడుతుంది. పట్టనీ.

మెథడాలజీ పేపరంటే పిల్లలకి విసుగని నాకు తెలుసు. నా మాట విని దాన్నే గట్టిగా పట్టుకో, ఎందుకో ఒక సంగతి చెబుతాను. 2014 ఆగస్టు 19న తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే జరిగింది, ఒక్క రోజులో రాష్ట్రమంతా. ఆ రోజు ఇంట్లో కనిపించకపోతే రేషన్ కార్డు పోతుందేమో, పథకాలు ఆగిపోతాయేమోనని ముంబై నుంచి, భివండి నుంచి జనం పిల్లాజెల్లాతో సొంతూళ్లకి వచ్చిపడ్డారు. బస్సుల్లో నిలబడ్డానికి చోటు లేదు, హైదరాబాద్ రోడ్లు మాత్రం బోసిపోయాయి. వాళ్లు ఏడాదంతా బతికేది ఒకచోట, లెక్కలోకి ఎక్కింది ఇంకోచోట. లెక్క పెడుతున్నారని తెలిస్తే జనం నడవడే మారిపోతుందన్న పాఠం ఇంతకంటే బాగా ఏ పాశ్చాత్య పుస్తకమూ చెప్పలేదు.

పుస్తకాలంటే గుర్తొచ్చింది. జిరాక్స్ ముక్కలతో సరిపెట్టుకోకు. సెమిస్టర్‌కి ఒకటైనా అట్ట నుంచి అట్టదాకా చదువు. నువ్వుండేది హైదరాబాద్‌లో కాబట్టి శ్యామాచరణ్ దూబే రాసిన 'ఇండియన్ విలేజ్'తో మొదలుపెట్టు. 1951-52లో ఉస్మానియా నుంచి ఒక బృందం శామీర్‌పేటకి వెళ్లింది. సమాజశాస్త్రం వాళ్లతో పాటు వ్యవసాయం, వైద్యం, పశువైద్యం వాళ్లు కూడా అందులో ఉన్నారు. ఆ పనిలోంచి 1955లో ఈ పుస్తకం వచ్చింది. చదవడం అయ్యాక ఒక ఆదివారం జూబ్లీ బస్టాండులో బస్సెక్కి శామీర్‌పేటలో దిగు. చెరువు ఉంది. దాంతో పాటు ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు, నల్సార్ లా యూనివర్సిటీ, ఇంకాస్త ముందుకెళితే మందుల కంపెనీల జీనోమ్ వ్యాలీ ఉన్నాయి. దూబే చూసిన కుమ్మరి, కమ్మరి, సాలె ఇళ్ల మనవలు ఇప్పుడేం పని చేస్తున్నారు? అప్పటి భూములు ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి పోయాయి? డిసర్టేషన్‌కి ఇంతకంటే మంచి సరుకు దొరకదు. గైడు అడిగితే మామ చెప్పాడనకు, నా ఆలోచనేనను.

ఇంగ్లీషు చూసి బెదరకు. తెలుగు మీడియం పిల్లలు మొదటి మూడు నెలలూ సెమినార్లో వెనక బెంచీ వదలరు. ఒక పేజీ రెండుసార్లు చదివి, పుస్తకం మూసేసి, అందులో ఏముందో మీ అత్తకి చెబుతున్నట్టు తెలుగులో రాసుకో. కలం ఆగిన చోటే నీకు అర్థం కాలేదని లెక్క. జర్మన్ సమాజశాస్త్రవేత్త వెబర్ మాత్రం మొదటిసారి ఎవరికీ లొంగడు, కంగారు పడకు.

ఫీల్డువర్క్ గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే క్లాసులో తక్కువ చెబుతారు. ఊళ్లోకి సర్వేకొచ్చే కుర్రాళ్లని చూశావుగా, కారు సర్పంచ్ ఇంటి ముందే ఆగుతుంది. అరుగు మీద కాఫీలిస్తారు. "మా ఊళ్లో కులాల పట్టింపు ఎక్కడిదండీ, అందరం ఒక్కటే" అంటాడు పెద్దాయన. ఆయన అబద్ధమాడటం లేదు, ఆ అరుగు మీంచి ఊరు అట్లాగే కనబడుతుంది. నువ్వా కాఫీ తాగేసి మాలపల్లిలోకి నడిచేసరికి, ఎవరింట్లో కూర్చుని వచ్చావో అక్కడందరికీ తెలిసిపోయి ఉంటుంది. వాళ్లు కుర్చీ వేస్తారు, మర్యాదగా మాట్లాడతారు, ఏమీ చెప్పరు. నీకు మంచినీళ్లిస్తే తాగుతావా లేదా అని మాత్రం కనిపెట్టి చూస్తారు. ఆడవాళ్లతో మాట్లాడాలంటే మధ్యాహ్నం పనులు తెమిలాక వెళ్లు. పక్కన మొగుడుంటే ఆమెనడిగిన ప్రశ్నకి అతను జవాబిస్తాడు, "దానికేం తెలుసండీ" అంటాడు. ఆ మాటని కూడా నోటుబుక్కులో ఎక్కించు.

అంతటి సమాజశాస్త్రవేత్త ఎమ్.ఎన్. శ్రీనివాస్‌కే ఇది తప్పలేదు. 1948లో మైసూరు దగ్గర, తాను రాంపుర అని పేరు మార్చి రాసిన ఊళ్లో, ఆయనకి బస దొరికింది ఊరి పెద్ద తాలూకు ఎడ్లపాకలో. తాను బ్రాహ్మణ్ణి కావడం వల్ల, పెద్ద మనిషి నీడన ఉండటం వల్ల, ఊరిని పై కులాల వైపు నుంచే ఎక్కువగా చూశానని ఆయనే రాసుకున్నాడు. 1970లో స్టాన్‌ఫర్డ్‌లో ఆయన ఆఫీసుకి ఎవరో నిప్పు పెడితే ఏళ్ల తరబడి సిద్ధం చేసుకున్న నోట్సు మూడు ప్రతులూ కాలిపోయాయి. జ్ఞాపకం మీద ఆధారపడి రాసిన 'ది రిమెంబర్డ్ విలేజ్' 1976లో వచ్చింది, అందరూ మెచ్చుకున్నారు. నీకూ నాకూ అంత జ్ఞాపకశక్తి లేదు గనక ఏ రోజు నోట్సు ఆ రోజే ఫోన్లో ఫొటో తీసి మెయిల్ చేసుకో.

కులం పేపర్ మొదలయ్యే లోపు అంబేడ్కర్ 1916 మేలో కొలంబియా యూనివర్సిటీ సెమినార్లో చదివిన వ్యాసం చదివెయ్యి. ఒక్క సాయంత్రం పని. అప్పటికాయనకి పాతికేళ్లు, నీకంటే మూడేళ్లు పెద్ద. తమలో తామే పెళ్లి చేసుకోవాలన్న కట్టడే కులానికి ఊపిరి అంటాడు. ఆ కట్టడి నిలవాలంటే మొగుడు పోయి మిగిలిన ఆడమనిషిని ఏం చెయ్యాలన్న చిక్కొస్తుంది. సతి, మారుమనువు లేకుండా చేయడం, బాల్యవివాహం ఆ చిక్కులోంచి పుట్టినవేనని ఒక్కో మెట్టూ కట్టుకుంటూ పోతాడు. అది చదివాక మీ పెదనాన్న మ్యారేజ్ బ్యూరోకిచ్చిన బయోడేటాలో మొదటి మూడు లైన్లు చూడు. ఇరావతి కర్వే 1953లో వేసిన బంధుత్వాల పుస్తకం కూడా తిరగెయ్యి. ఉత్తరాదిన పిల్లని ముక్కూమొహం తెలియని ఊరికిస్తారు, మనం తెలిసిన ఇంటికే ఇస్తాం. మా అమ్మ తన సొంత మేనమామని చేసుకుంది. నీకిన్నాళ్లూ అది ఇంటి సంగతి, ఇప్పుడది సిలబస్.

అట్లాగని సంక్రాంతికొచ్చి అమ్మమ్మని కూర్చోబెట్టి పితృస్వామ్యం మీద ఉపన్యాసం దంచకు. మొదటి ఏడాది పిల్లలకి తప్పకుండా వచ్చే జబ్బిది. ఆమెనే అడుగు. పెళ్లినాటికి వయసెంత, పుట్టింటి బంగారం ఏమయింది, రాత్రిబడికి ఎవరు పంపారు. మన నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతుల్లో 'సీతమ్మ కథ' పాఠం చదివిన ఆడవాళ్లే 1992లో సారా అంగళ్ల మీదికి వెళ్లారు. ఆ ఊళ్లలో ఒకటైన దూబగుంట పేరు దేశమంతా మోగింది, 1993 అక్టోబర్లో రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. పాఠం చదివితే పోరాటం పుట్టిందని రాసేయడం సులువు. మొగుళ్ల తాగుడు అంతకుముందూ ఉంది, మరి అప్పుడే ఎందుకు లేచారు? వేరే వేరే ఇళ్ల ఆడవాళ్లు రోజూ రాత్రి ఒకచోట కూర్చోవడానికి మొదటిసారి ఒక సాకు దొరకడం వల్లా? కూలి డబ్బు ఇంటికి చేరకముందే సారా కొట్టుకి చేరడం వల్లా? ఏ ఇంటామె ముందు కదిలింది, ఎవరు గడప దాటలేదు? అమ్మమ్మ చెప్పేది ఒక ఊరి సంగతే. పక్క ఊరామెని కూడా అడిగాక రాయి.

ఇక మీ నాన్న ప్రశ్న. లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ ఏడాదికి రెండుసార్లు పెడతారు, మూడు గంటలు, 300 మార్కులు. అందులో జేఆర్ఎఫ్ వస్తే పీహెచ్‌డీకి నెలనెలా ఫెలోషిప్ ఉంటుంది. లెక్చరర్ పోస్టుల నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో దేవుడికే ఎరుక, దాన్నొక్కటే నమ్ముకోకు. సివిల్స్‌లో ఈ సబ్జెక్టు ఆప్షనల్‌గా 500 మార్కులకి పనికొస్తుంది. సర్వే సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు, యాప్‌లని జనం ఎట్లా వాడుతున్నారో కనుక్కునే కంపెనీలు కూడా మనవాళ్లని తీసుకుంటున్నాయి. ఎక్సెల్‌తో పాటు ఎస్‌పీఎస్‌ఎస్ గానీ ఆర్ గానీ ఒకటి గట్టిగా నేర్చుకో. ఇంజనీరింగ్ చేసిన మీ అన్నంత జీతం మొదట్లో రాదని ఆయనతో నేనే చెప్పాను, ఊఁ కొట్టాడు.

మొదటి సెమినార్ పేపర్ రాశాక నాకు పంపు. రైతుల లెక్కల మీదే రాసేటట్టయితే ఆ 2014 రిపోర్టులో కాలమ్‌ల కింద సన్నటి అక్షరాల్లో ఉండే వివరణలు కూడా చదివి మరీ రాయి.

మీ మామ