పిలిస్తే పలికే ఫోను

పొద్దున్నే సైకిలెక్కి బయల్దేరే వారికి ఈ మాట. వెంట ఉండే ఫోను ఖరీదైనది కానక్కర్లేదు. ఆపదలో పిలిస్తే పలకాలి.

చెమట పట్టిన వేలికి అద్దం తెర ఒక్కోసారి పలకదు. బటన్ల ఫోను పలుకుతుంది. చెయ్యి వణుకుతున్నా అంకె వేలికి తగులుతుంది. మన దేశంలో అమ్మే కొత్త బటన్ల ఫోన్లలో ఐదు గానీ, తొమ్మిది గానీ నొక్కి పట్టుకుంటే అత్యవసర నంబరు 112కు కాల్ వెళ్లాలన్నది నిబంధన. మీ ఫోనులో అది ఏ అంకో కొన్నప్పుడే అడగండి. జియో సిమ్ వాడేవారు 4జీ ఫోనే తీసుకోవాలి. పాత 2జీ ఫోనులో ఆ సిమ్ పలకదు.

ఇక ఫోను ఎక్కడ పెట్టుకోవాలి? సీటు కింద సంచిలో మాత్రం వద్దు. పడితే సైకిలొక చోట, మనమొక చోట. చొక్కా జేబులోనూ వద్దు, వంగితే జారిపోతుంది. చిన్న ప్లాస్టిక్ కవరులో చుట్టి, జిప్పున్న జేబులో పెట్టుకోండి. ఒంటి మీదే ఉండాలి.

ఇంకొక్క మాట. ఫోనుకు లాక్ పెట్టకండి. ఇంటి నంబరును ‘ఇల్లు’ అనే పేరుతో దాచుకోండి. మనం మాట్లాడలేని స్థితిలో ఉంటే, దారిన పోయే మనిషి అయినా ఆ నంబరు నొక్కగలగాలి.