వేడి ఎక్కడికి పోతుంది?

"అమ్మమ్మా! ఇంట్లో చల్లటి గది ఏది?" అంటూ దిగాడు మా మనవడు, మొన్న మే నెలలో. ఎండనపడి వచ్చాడు కదా, నడుం వాల్చడానికి కాబోలుననుకుని వెనకగది చూపించాను. తీరా చూస్తే ఆ గది వాడికోసం కాదు, వాడి కంప్యూటరు కోసమట! మూడు అట్టపెట్టెల్లో విడిభాగాలు తెచ్చుకున్నాడు. సెలవుల్లో ఇక్కడే కూర్చుని, సొంత చేతుల్తో బిగించుకుంటాడట.

మాది మన్ననూరు. హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళేవాళ్ళకు అటవీశాఖవారి చెక్‌పోస్టు దగ్గర ఒకసారి మెలకువ వస్తుంది చూడండి, అదే మా ఊరు. అమ్రాబాదు పులుల అడవికి ఇది గుమ్మంలాంటిది. రాత్రి తొమ్మిదికి గేటు పడిందంటే మళ్ళీ తెల్లవారి ఆరింటికే తీయడం. ఆ మధ్యలో ఊరెంత నిశ్శబ్దంగా ఉంటుందంటే, పక్కింటివాళ్ళ గోడగడియారం మన ఇంట్లో వినిపిస్తుంది. ఈ నిశ్శబ్దం సంగతి కాస్త గుర్తుంచుకోండి. దాంతో పని ఉంది.

ఆటలాడుకునే ఈ కంప్యూటరు వేడెక్కకుండా లోపల నీళ్ళు తిరుగుతాయన్నాడు. "కరెంటు సామానులో నీళ్ళేమిట్రా, నీ మొహం!" అన్నాను. వాడు నవ్వి ఓపిగ్గా చెప్పాడు. బొమ్మలు చూపించే కార్డు ఆట మధ్యలో 300 వాట్లు తాగుతుందట, మెదడులాంటి చిప్పు ఇంకో నూరు. తాగిన కరెంటంతా చివరికి వేడి కావలసిందే. మనిషి ఊరికే కూర్చున్నా ఒంట్లోంచి సుమారు నూరు వాట్ల వేడి వస్తుందని కూడా వాడే చెప్పాడు. అంటే కంటికి కనబడని నలుగురు చుట్టాలు పొద్దస్తమానం మా వెనకగదిలో కూర్చున్నట్టే లెక్క! కాఫీ అడగరు, అంతే తేడా.

చిప్పు మీద ఒక రాగి పలక కూర్చుంటుంది. దానిలోంచి నీళ్ళు పారుతూ వేడిని ఎత్తుకుపోతాయి. గాలికంటే నీరు ఈ పనిలో ఎంతో గట్టిది. చెంబెడు గాలి ఎంత వేడిని పట్టుకోగలదో, చెంబెడు నీరు అంతకు మూడువేల రెట్లకు పైగా పట్టుకుంటుంది. ఆ నీళ్ళను తిప్పేది పంపు. వేడిని విడిపించేది రేడియేటరు, అంటే సన్నని రేకుల మడతల మధ్య గొట్టాలు. ఆ రేకుల్లోంచి గాలిని తోసేవి ఫ్యాన్లు.

అసలు చిక్కు వీటిలో ఏవి ఎంచుకోవాలన్న దగ్గర వచ్చింది. మావారు ఈగలపెంట దగ్గరున్న శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్కేంద్రంలో చాలాకాలం పనిచేశారు. ఆరు యంత్రాలు, ఒక్కోటీ 150 మెగావాట్లు. పైనుంచి దూకిన నీళ్ళతో కరెంటు తీయడమే కాదు, అవసరమైతే ఆ నీళ్ళనే తిరిగి పైకి తోడగల యంత్రాలవి. అలాంటివాటి మధ్య బతికిన మనిషికి గుప్పిట్లో పట్టే పంపు కనబడేసరికి పదేళ్ళ వయసు తగ్గింది. తాతా మనవడూ భోజనాల బల్లంతా ఆక్రమించారు. నా పచ్చడి జాడీలు కింద కూర్చున్నాయి.

వాడు రెండు రేడియేటర్లు తెచ్చాడు. నచ్చనిది తిరిగి ఇచ్చేస్తాడట. ఒకటి చిన్నది, రెండు ఫ్యాన్లు పట్టేది. రేకులు బాగా దట్టం. రెండోది పొడుగాటిది, మూడు ఫ్యాన్లు పట్టేది. రేకులు ఎడం ఎడంగా ఉన్నాయి. చిన్నది ముచ్చటగా ఉంది, పెట్టెలో ఒదిగిపోతుంది. కాని దట్టమైన రేకుల్లోంచి గాలి దూరాలంటే ఫ్యాన్లు వేగంగా, గట్టిగా తిరగాలి. పెద్దదైతే నిదానంగా తిరిగినా చాలు. పంపు సంగతీ అంతే. నీళ్ళు ఒక మోస్తరు వేగంతో కదిలితే చాలు, ఆపైన ఎంత తరిమినా చల్లదనం పెద్దగా పెరగదు, చప్పుడే పెరుగుతుంది. పంపు ఎప్పుడూ నీళ్ళతొట్టికి దిగువనే ఉండాలి, నీళ్ళు లేకుండా తిప్పితే పాడైపోతుంది. రాగి సామానున్న చోట అల్యూమినియం రేడియేటరు కలపకూడదు, ఒకే నీళ్ళలో ఉంటే అల్యూమినియం తినుకుపోతుంది. ఇదంతా వింటుంటే సంబంధాలు చూస్తున్నట్టే అనిపించింది నాకు!

కుర్రతనం కదా, చిన్నదే ముద్దన్నాడు. బిగించాడు. ఆ రాత్రి గేటు పడి ఊరు సద్దుమణిగాక వెనకగదిలోంచి "గుయ్"మంటూ మోత. మావారు దుప్పటి తీసి, "అడవిలోకి లారీని వదిలారా ఏమిటే?" అన్నారు. చప్పుడు మాకు వినబడకుండా పాపం వాడే తలుపు మూశాడు. దాంతో గది వేడెక్కింది, గది వేడెక్కితే నీళ్ళు వేడెక్కాయి, నీళ్ళు వేడెక్కేసరికి ఫ్యాన్లు ఇంకా గట్టిగా అరిచాయి. రేడియేటరు ఎంత గొప్పదైనా నీటిని గదిలో గాలికంటే చల్లబరచలేదట. మర్నాడు పెద్దది పెట్టారు. మోత పోయింది. వాడి చిప్పు చల్లగా ఉంది, మా నిద్ర చల్లగా ఉంది. కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాం.

మా ఇంట్లో సాయానికి వచ్చే అవ్వ మధ్యాహ్నాలు ఆ గదిలోనే గోడవార కూర్చుని చింతపండు గింజలు తీస్తుంది. రెండురోజులు చూసి మూడోరోజు చాట పట్టుకుని బయటికి వచ్చేసింది. "పంతులమ్మా! గా డబ్బా సల్లగుండనీకి నా ఈపు మాడవట్టె గదమ్మా!" అంది.

వెళ్ళి ఆమె కూర్చునే చోట కూర్చున్నాను. నిజమే, పొయ్యి ముందు కూర్చున్నట్టుంది. చప్పుడు పోయింది గాని వేడెక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. నాలుగు వందల వాట్లూ అవ్వ వీపు మీదికి పోతున్నాయి. చిన్న రేడియేటరైనా, పెద్దదైనా, పంపు ఖరీదైనదైనా, చవకదైనా, చేసేది మోతపనే. వేడిని చంపేది వాటిలో ఒక్కటీ లేదు. ఫ్రిజ్ వెనక ఎప్పుడైనా చెయ్యి పెట్టి చూశారా? లోపల మజ్జిగ చల్లబడిన ఫలితం అక్కడ తెలుస్తుంది.

డెన్మార్కులో ఒడెన్సీ అని ఒక పట్టణం ఉంది. అక్కడి ఫేస్‌బుక్ వారి డేటా సెంటరులో పుట్టే వేడిని నీళ్ళద్వారా ఊళ్ళోకి పంపి, ఇళ్ళు వెచ్చబరచుకుంటున్నారట. చలిదేశం కనక వాళ్ళకది వరం. మేనెలలో మన్ననూరులో అదే వేడి శిక్ష. వేడిలో తప్పు లేదు. ఎవరికి చేరుతోందని అడగకపోవడంలోనే ఉంది తప్పు.

ఇంతదాకా నవ్వుతూ చెప్పాను. ఇక చెప్పేది కొంచెం కష్టం.

నేను ముప్ఫయ్యేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను. నాకు "చల్లని టీచరమ్మ" అని పేరు. పిల్లలు ఎంత అల్లరి చేసినా, పెద్దలు ఎంత మాటన్నా పెదవి విప్పేదాన్ని కాను. మెచ్చుకోనివాళ్ళు లేరు. కాని ఆ వేడంతా ఎక్కడికి పోయింది? సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో పుస్తకాలు పరుచుకుని కూర్చునేది మా అమ్మాయి, ఈ మనవడి తల్లి. ఒక్క ఎక్కం తప్పితే చాలు. సిరా ఒలికితే చాలు. ఊళ్ళో ఎవరిమీదా చూపని కోపం ఎనిమిదేళ్ళ పిల్లమీద చూపించేదాన్ని. అదీ నోరెత్తేది కాదు. దాన్ని కూడా "చల్లని పిల్ల" అన్నారందరూ! అది తన వేడిని ఎక్కడ దించుకుందో నేనెప్పుడూ అడగలేదు.

చల్లగా ఉండటం మంచిగుణమే. కాని అది ఒక్కటే గుణం కాదేమో. ఓర్పు గల మనిషి అని మనం మెచ్చుకునేవాళ్ళ వెనక ఎవరో ఒకరు గోడవార కూర్చుని ఉంటారు. కోపం రాకుండా ఎవరూ ఉండలేరు. చిన్న చోటులో కుక్కి పెట్టుకుంటే అది అరుపులై వస్తుంది. కాస్త విశాలంగా పరిచి, నిదానంగా, నలుగురితో చెప్పుకుని దించుకుంటే ఎవరి వీపూ కాలదు. నాకా విశాలం లేకపోయింది. ఉద్యోగం, వంట, అత్తగారి మందులు... ఇవి కారణాలే గాని క్షమాపణలు కావు.

కంప్యూటరును కిటికీ దగ్గరికి జరిపి, వేడిగాలి బయటికి పోయేలా తిప్పారు. తీరా చూస్తే కిటికీ అవతల అవ్వ అంట్లు తోముకునే బండ! ఆఖరికి ఒప్పందం ఏమిటంటే, అవ్వ ఇంటికి వెళ్ళాకే ఆట. "సంక్రాంతి సెలవులకు తెస్తే నేనే దాని పక్కన కుసుంట బిడ్డా" అని అవ్వ వాడికి అభయమిచ్చింది.

ఆ రాత్రి మా అమ్మాయికి ఫోను చేశాను. ఎక్కాల సంగతి ఎత్తాను. "నాకవేం గుర్తులేవమ్మా" అంది. కొంచెంసేపు ఇద్దరమూ మాట్లాడలేదు. తరవాత, "గుర్తున్నాయిలే" అంది మెల్లగా. ఇంకో గంట మాట్లాడుకున్నాం. ఏం మాట్లాడుకున్నామో అది మా ఇద్దరిదీ.

ఇకమీదట ఎవరైనా "మీరెంత చల్లని మనిషండీ" అంటే పొంగిపోను. ముందొకసారి నా వెనక ఎవరు కూర్చున్నారో చూసుకుంటాను.