మలివయసు గొంతు: ధూర్జటి శతకంపై ఒక సంవాదం

శిష్యుడు: శ్రీకృష్ణదేవరాయల అష్టదిగ్గజాలలో ఒకడైన ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర శతకాన్ని వార్ధక్యంలో చెప్పాడని సంప్రదాయం. రాజాశ్రయంలోని సుఖాలన్నీ అనుభవించి, సత్తువ ఉడిగాక రాజసేవను నిందించి దేవుణ్ణి పట్టుకున్నవాని మాటకు, రాజుల గడప తొక్కలేదని లోకం చెప్పుకునే కవి పోతన మాటకున్న బరువు ఉంటుందా, ఆచార్యా?

ఆచార్యుడు: భక్తి ఆలస్యంగా పుట్టిందన్న ఊహ ఆ ప్రశ్నలో దాగి ఉంది, నాయనా. ధూర్జటి రచించిన శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం, అంటే సువర్ణముఖీ తీరాన వాయులింగంగా వెలసిన శివుని క్షేత్రమహిమను కథలుగా అల్లిన నాలుగాశ్వాసాల ప్రబంధం, రాజుకు గాక ఆ స్వామికే అంకితమైంది. అయితే అక్కడి భక్తులు సాలీడు, పాము, ఏనుగు, వేటగాడు తిన్నడు మొదలైనవారు. కవి వారి వెనుక నిలిచి కథ చెప్పాడు. శతకంలో ఆ తెర తొలగిపోయి, తన రోతలనూ, తనను ఇంకా వదలని కోరికలనూ ఉత్తమ పురుషలో స్వామి ముందు పెట్టుకున్నాడు. మలివయసులో వచ్చినది ఈ గొంతు.

శిష్యుడు: విధినిషేధాలు, అనగా శాస్త్రం చేయమన్నవీ వద్దన్నవీ, ఎరగనివాడు గనుక తిన్నడు మాంసం నైవేద్యం పెట్టాడు, స్వామి కంట నెత్తురు చూసి తన కన్ను పెకలించి ఇచ్చాడు. అలంకారశాస్త్రమంతా జీర్ణించుకున్న ముదుసలికి ఆ అమాయకత్వం ఎక్కడిది?

ఆచార్యుడు: లేదు, ఇక రాదు కూడా, శతకంలోని వేదన అంతా అక్కడినుంచే పుట్టింది. నేర్చినదాన్ని మరచిపోవడం చేతకాదు గనుక దానినే సమర్పించవలసి వచ్చింది. పాదానికి 19 అక్షరాల శార్దూలం, 20 అక్షరాల మత్తేభం రాజసభలకు అలవాటైన వృత్తాలు. వాటితోనే రాజులను దూషించాడు, స్వామిని నిలదీశాడు. ఆ వయసులో తెచ్చిపెట్టుకున్న అమాయకపు పలుకు నటన అయ్యేది.

శిష్యుడు: మరొక ప్రబంధం రాయవచ్చు గదా, శతకమే ఎందుకు?

ఆచార్యుడు: ప్రబంధానికి కథాక్రమం కావాలి, చివరి ఆశ్వాసం దాకా ఆయుస్సు మీద నమ్మకం కావాలి. శతకంలోని పద్యం ముక్తకం, అంటే ముందువెనుకలతో పనిలేకుండా తనంత తానే పూర్తయ్యేది. ప్రతి పద్యాంతంలో స్వామిని పిలిచే మకుటం ఉండడంచేత ఎక్కడ ఆగినా అది ఆయన పేరు దగ్గరే ఆగుతుంది. పైగా ఒక పద్యంలో వైరాగ్యం పలికి, మరుసటి పద్యంలో మనసు లొంగడం లేదని మొరపెట్టుకున్నా ఈ ప్రక్రియలో దోషం కాదు. వృద్ధుని మనసు నడిచే తీరుకు ఇంత దగ్గరైన రూపం తెలుగులో మరొకటి కనిపించదు.

శిష్యుడు: అయినా పోతనతో పోలిక తేలలేదు.

ఆచార్యుడు: పోతన బయట నిలిచి రాజాశ్రయం వద్దన్నాడు. ధూర్జటి రాజదూషణలోని కసి మాత్రం ఆ సభలో ఏళ్ల తరబడి కూర్చుని, ఆ మన్ననలు తనకూ రుచించాయని ఎరిగినవానికే సాధ్యం. యౌవనంలో అతడు దానిని పలికి ఉండలేడు.