మోసినది కొంత దూరమే



2024 తపస్సుకాలంలో, మార్చి 2 శనివారంనాడు, అమెరికాలోని అలాస్కాలో ఒక పందెం ఆరంభాన్ని చూశాను. ఆ దేశంలో ఉద్యోగం చేసుకుంటున్న మా అక్క కొడుకు నన్ను తీసుకెళ్లాడు. ఆంకరేజ్ నగర వీధిలో లారీలతో మంచు తెచ్చి పరిచారు. దాని మీద కుక్కలు లాగే బండ్లు! ఇడిటరాడ్ అని ఆ పందెం పేరు. ఆనాటిది ఊరేగింపు వంటిది. అసలు పరుగు మర్నాడు. నోమ్ అనే తీరపట్టణం దాకా సుమారు 1,600 కిలోమీటర్లు.

మేడారం జాతరకు పోయే ఎడ్లబండ్లను చూసిన మన ఏటూరునాగారం వాళ్లకు అది వింతే. బండికి చక్రాలు లేవు, కుక్కలకు పగ్గాలు లేవు. వెనక నిలబడ్డవాడి మాటే పగ్గం. బయలుదేరే ముందు వాటి అరుపులకు చెవులు గింగురుమన్నాయి. వదిలారో లేదో, అరుపులు ఆగాయి. పరుగు ఒక్కటే మిగిలింది.

ఈ పందెంతో ఒక పాత జ్ఞాపకం ముడిపడి ఉంది. 1925 జనవరిలో నోమ్‌లో పిల్లలకు కంఠసర్పి సోకింది. ఆంకరేజ్‌లో ఉన్న విరుగుడు మందును నెనానా దాకా రైలులో తెచ్చారు. అక్కడినుండి మరో 1,085 కిలోమీటర్లు మంచుదారి. ఇరవై మంది బండివాళ్లు, సుమారు 150 కుక్కలు, ఒకరి చేతినుండి ఒకరు అందుకుంటూ అయిదున్నర రోజుల్లో మందు చేర్చారు. చివరి బండిని నడిపించిన బాల్టో అనే కుక్కకు ఆ ఏడాదే న్యూయార్కులో విగ్రహం పెట్టారు. మొదట బయలుదేరిన షానన్ ముఖం చలికి కమిలిపోయింది. మందు నోమ్ చేరిన ఘడియను అతడు చూడలేదు. తన వంతు మోసి, మరొకరికి అప్పగించాడు.

నేను తిరిగి వచ్చాక ఒక తల్లి కన్నీళ్లతో అడిగింది: “ఫాదర్, మావోడు హైదరాబాద్ పోయినంక గుడి మొకం జూస్తలేడు. చిన్నప్పటి సంది జపాలు నేర్పితి. అంతా వట్టిదేనా?”

అమ్మా, వట్టిది కాదు. సమారియలో బావి దగ్గర ప్రభువు శిష్యులకు గుర్తుచేసినది ఇదే: వారు కోయబోయే పంటకు ముందే చెమటోడ్చినవారు వేరే ఉన్నారు. వాగులు దాటి మన అడవి పల్లెల్లో జపాలు నేర్పిన ఉపదేశుల్లో ఎందరు నేటి గుడులను చూశారు? నీ బిడ్డ దారి నీతో ముగియలేదు. ముందు మలుపులో అందుకునేవారిని దేవుడు నిలిపే ఉంటాడు.

అయితే ప్రియులారా, ఒక మాట. ఆ బండివాళ్లు దారిలోని మజిలీలలో ఆగి, మందు గడ్డకట్టకుండా వెచ్చచేసుకున్నారు. మనం అప్పగించే విశ్వాసం వెచ్చగానే ఉందా? ఇంట్లో సాయంకాల జపం మానేసి, బిడ్డ గుడికి పోవడం లేదని నిందిస్తే ఎట్లా?

ఈ రాత్రి మీకు మొదట జపం నేర్పినవారిని పేరు పెట్టి తలచుకొని, ఇంటిల్లిపాదీ ఒక పరలోక జపం చెప్పండి. దూరాన ఉన్న బిడ్డకు ఫోను చేయండి. గద్దించకండి, తిన్నాడో లేదో అడగండి. అతని కోసం జపిస్తున్నామని మాత్రం చెప్పండి. మిగతా దూరం ప్రభువుకు తెలుసు.