ఓడిపోవు స్వాతంత్ర్యము

గడచిన సంక్రాంతికి మేము గోదావరి ప్రాంతమున ఒక మిత్రుని యింట అతిథులమై యుంటిమి. ఆయన విద్యావంతుడు, సంస్కారప్రియుడు, తన యింట వరకట్నమను మాటనే రానీయనివాడు. కనుమనాటి సాయంకాలము ఆయన బావమఱదులతోగూడ కోడిపందెములు చూచి వచ్చి, పెరటిలో కాళ్లు కడుగుకొనుచుండగా, మేడమీది గదినుండి తుపాకుల మ్రోతయు, "కొట్టు, కొట్టు! వెనకాల ఉన్నాడు!" అను కేకయు వినవచ్చెను. ఇంజనీరింగు చదువుచున్న ఆయన కుమారుడు కంప్యూటరుపై ఆడుచుండెను. మిత్రుడు క్రిందినుండియే "పండగపూట కూడా ఈ చంపుకోవడం ఏమిటిరా?" అని గద్దించెను. కుఱ్ఱవాడు మెట్లమీదికి వచ్చి, గొంతు హెచ్చింపకయే, "ఇక్కడ ఎవరూ చావలేదు నాన్నగారూ. మీరు వెళ్లిన బరిలోనే చచ్చాయి" అనెను.

అంతటితో ముగిసినచో ఈ వ్యాసమునకు పని లేకపోవును. ఆ రాత్రియే మఱియొక సంగతి బయటపడెను. కళాశాలకు కట్టుటకై తండ్రి యిచ్చిన రుసుములో నలువదివేల రూపాయలను ఆ బాలుడు ఎక్కడో విదేశములో ఆడుచున్న రెండు జట్ల పోటీపై పందెము కాచి పోగొట్టుకొనియుండెను. ఆ దినముననే తండ్రియు బరియొద్ద కొంత సొమ్ము పోగొట్టుకొని వచ్చెను. కొడుకును మందలింప బోయిన తండ్రికి మాట తడబడెను. అందుకు మేము సాక్షులము. ఇద్దఱిలో ఎవరు ఎవరిని మందలింపవలయును? అసలు మందలింపదగినది ఏది? తుపాకి యాటయా, కోడి కత్తియా, లేక రెంటిలోను సమానముగ నున్న మూడవ వస్తువా? దీనిని విచారింపవలెనని మాకు తోచినది.

మొదట ఆ యాటను గూర్చి. ఆడువాని కన్నే గుఱిగా, ఎదుట కనబడు శత్రువును కాల్చు ఇట్టి యాటలను ఫస్ట్ పర్సన్ షూటర్ అందురు. వానిలో నేటికిని మిక్కిలి ప్రసిద్ధమైనది కౌంటర్ స్ట్రైక్. 1999లో ఇద్దఱు యువకులు అంతకుముందున్న హాఫ్ లైఫ్ అను ఆటను మార్చి, తమ వేడుకకై దీనిని కల్పించిరి. 2000లో వాల్వ్ అను అమెరికా సంస్థ దీనిని తన పేర వెలువరించెను. 2023 నుండి దీని రెండవ అవతారము నడుచుచున్నది. ఒక్కొక్క పక్షమున ఐదుగురు. ఒక పక్షమువారు బాంబును పెట్టజూతురు; రెండవవారు దానిని అడ్డగింతురు. పెట్టిన బాంబు ప్రేలుటకు 40 క్షణములు గడువు. ఆలోగా దానిని నిర్వీర్యము చేయవలయును. ముందుగా 13 ఆవృత్తులు గెలిచిన జట్టుదే ఆట. దూరమునుండి చూచువారికి ఇది కేవలము కాల్పులవలె దోచును గాని, లోపల నున్నది వేఱు. ఓడిన ఆవృత్తి తరువాత చేతనున్న కొద్దిపాటి సొమ్ముతో ఆయుధము కొనవలయునా, కూడబెట్టవలయునా? పొగ ఎక్కడ క్రమ్మింపవలయును? తోడివాడు చేయు అడుగుల చప్పుడేది, శత్రువు చేయునదేది? ఇవన్నియు రెప్పపాటులో తేల్చుకొనవలయును. ఏండ్ల తరబడి సాధన చేసినవారికి గాని ఆ నేర్పు పట్టుపడదు.

ఆ యాటలోని చావును చూచి పెద్దలు బెదరుదురు. చదరంగమున ఏనుగు చచ్చును, మంత్రి చచ్చును, రాజు చుట్టుముట్టబడును. మనలో నెవ్వరును దానిని హింస యనరు. అది ఆటయొక్క భాష. చచ్చినవాడు మరుసటి ఆవృత్తిలో లేచి నిలుచును. రేయింబవళ్లు దానికే అంకితమై నిద్రయు, చదువును చెడగొట్టుకొనుట మంచిదని మేము చెప్పబోము. ఆ దోషము పేకకును, నవలకును, పెద్దల రచ్చబండ కబుర్లకును సమానమే. మేము చెప్పునది యింతియే: అక్కడి తుపాకి అబద్ధము. అక్కడి పణము మాత్రము నిజము. మనము అబద్ధమును చూచి అదరిపడి, నిజమును గమనింపక పోవుచున్నాము.

ఆ పణము ఆటలోనికి ఎట్లు ప్రవేశించినదో తెలియుట అవసరము. 2013 ఆగస్టులో ఆ సంస్థ తుపాకులకును, కత్తులకును రంగురంగుల అలంకారములను ప్రవేశపెట్టెను. వీనిని స్కిన్నులందురు. వీనివలన గుఱి మెఱుగుపడదు, బలము హెచ్చదు, అందము మాత్రమే. మూసిన పెట్టెను రెండున్నర డాలర్లకు దొరకు తాళపుచెవితో తెఱచినచో లోపల నేది వచ్చునో అదృష్టము. 2017లో చైనా దేశమున ప్రకటింపబడిన లెక్క ననుసరించి, అందఱును కోరు అపురూపపు వస్తువు దొరకు అవకాశము 0.26 శాతము, అనగా దాదాపు నాలుగువందల పెట్టెలకు ఒకటి. ఈ స్కిన్నులు ఒకరినుండి ఒకరికి మాఱునవి, వెలగలవి. కావున అచిరకాలములోనే అవి జూదపు బిళ్లలైనవి. పోటీలపై వానిని పందెము కాయు స్థలములు వెలసినవి. పోకిరియైన జూదగృహములోనికి అడుగిడుటకు సిగ్గుపడు బాలుడు, బొమ్మతుపాకి రంగును ఒడ్డుటకు సిగ్గుపడలేదు. 2016 జూలైలో వాల్వ్ సంస్థ ఇట్టి స్థలములను ఖండించి తాకీదులు పంపెను. అప్పటికే జరుగవలసినది జరిగియుండెను.

2014 ఆగస్టులో ఉత్తర అమెరికాలో ఐబైపవర్ అను జట్టు, తనకంటె బలహీనమైన నెట్‌కోడ్ గైడ్స్ అను జట్టుతో ఆడి ఘోరముగ ఓడిపోయెను. చూచినవారు విస్తుపోయిరి. తరువాత తెలిసినదేమన, ఆ జట్టువారు ఓడుటకు ముందే నిశ్చయించుకొని, తమ ప్రతిపక్షముమీద ఇతరులచేత పందెము కాయించి, గెలిచిన స్కిన్నులను పంచుకొనిరి. 2015 జనవరిలో వాల్వ్ సంస్థ ఈ వ్యవహారముతో సంబంధమున్న ఏడుగురిని తన పోటీలనుండి వెలివేసెను. 2016లో ఆ వెలి శాశ్వతమని ప్రకటించెను. వారు పిన్నవయస్కులు, కొందఱు ఆ దేశమున మేటి ఆటగాండ్రు. జట్టులోని ఐదవవానికి మాత్రము ఆ సొమ్ము ముట్టినట్లు నిదర్శనము లేకపోవుటచే అతనిని విడిచిపెట్టిరి. 2018 జనవరిలో బోస్టను నగరమున జరిగిన మహాపోటీలో గెలిచి, ఉత్తర అమెరికాకు మొట్టమొదటి విజయమును తెచ్చిన క్లౌడ్ నైన్ జట్టులో అతడొకడు. తక్కిన నలుగురు ఆ వేదికను మఱల నెక్కలేకపోయిరి. కొన్ని బొమ్మకత్తులకై వారు అమ్ముకొన్నది ఏమో దీనినిబట్టి చదువరులు గ్రహింపగలరు.

ఇది కొందఱు దుర్జనుల కథ యని త్రోసిపుచ్చుట తగదు. 2019లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రపు పోలీసులు ఇదే ఆటలో పోటీలను ముందుగా కుదుర్చుకొన్నారను అనుమానముతో ఆఱుగురిని నిర్బంధించిరి. ఇట్లేల జరుగును? పందెగాడు తనను జూదరి యని యొప్పుకొనడు. "మేము జట్ల చరిత్ర చదివితిమి, లెక్కలు కట్టితిమి, ఇది విద్య" యనును. మన బరులయొద్దను ఇదే మాట. కుక్కుటశాస్త్రము తిరుగవేసి, ఏ దినమున ఏ రంగు కోడి గెలుచునో, డేగయా, కాకియా, నెమలియా యని తేల్చుకొని వచ్చినవారే అక్కడ అందఱును! కాని భవిష్యత్తును తెలిసికొనుటయే విద్యయైనచో, దానికన్నిటికంటె నిశ్చయమైన మార్గమొకటి కలదు: భవిష్యత్తును ముందుగనే కొనుట. ఆటగాని కొనినవానికంటె చక్కగ లెక్క కట్టగలవాడెవడు? కావున మోసము పందెమునకు తగిలిన తెగులు కాదు. పందెపు ఆలోచన తన దారిని తాను చివరవఱకు నడిచినచో చేరు గమ్యమే మోసము.

ఇక ఈ ప్రశ్నలోని ముఖ్యమైన భాగమునకు వత్తము. జూదమును నిందించువారు సామాన్యముగ పందెగాని నష్టమునే చెప్పుదురు: ఇల్లు గుల్లయగును, భార్య పుస్తెలు తాకట్టు పడును అని. అది సత్యమే. కాని మహాభారతమున జూదము ఆడినవాడు ధర్మరాజు, ఒడ్డబడినది ద్రౌపది. ఆమె పాచిక ముట్టలేదు. ఆమెను అడిగినవారు లేరు. సభలో ఆమె వేసిన ప్రశ్న, తన్ను తాను ఓడినవానికి నన్నొడ్డు అధికార మెక్కడిదనియే. రాజ్యము పోయినందుకు గాక, ఒక మనిషి మఱియొకరి పణమైనందుకే ఆ సభ తలదించుకొనవలసివచ్చెను. బరిలోని కోడి ప్రశ్న వేయలేదు. కంప్యూటరు ముందు కూర్చున్న ఆటగాడు వేయగలడు గాని, అతనిని ఒడ్డినవారు ఎవరో, ఎందఱో అతనికే తెలియదు. అతని సంకెలలు కంటికి కనబడవు. ద్రౌపదికి కలిగిన అవమానముతో దీనిని సమానము చేయుట మా యుద్దేశము గాదు. అయినను ధర్మము ఒక్కటే: ఇతరుని శ్రమను అతని యనుమతి లేకయే మన పణముగ చేసితిమి.

దానివలన అతనికి కలుగు నష్టమేది? నిజాయితీతో ఓడు స్వాతంత్ర్యము. ఆటయనగా ఓడినను నింద లేని యుద్యమము. తలుపు మూలయొద్ద అరక్షణము ఆలస్యమాయెను, గుండు తప్పెను, పొగ అనుకొన్నచోట పడలేదు. అట్టి తప్పులు ఎంతటి నేర్పరికైనను తప్పవు. క్షణములో నాలుగవవంతున తేలిపోవు ఆటలో, నిజమైన తప్పును అమ్ముడువోయిన తప్పునుండి వేఱుచేయు కన్ను ఎవరికి గలదు? పణము లేనినాడు ప్రేక్షకుడు "అయ్యో" యనును, పణమున్ననాడు "ఎంత పుచ్చుకొన్నావు?" అనును. ఓడినవారిని పోటీ ముగిసిన నిమిషముననే తెలియనివారు బూతులతో ముంచెత్తుట ఈ రంగమున తఱచైన సంగతి. ఒకడు నీతిమంతుడై యుండియు తన నీతిని ఋజువు చేసికొనలేని స్థితిలో అతనిని నిలుపుట అన్యాయము కాదా?

పందెగానికిని నష్టము కలదు. అది సొమ్ములోనిది గాదు. ఎదుటి జట్టువాడు ఒక్కడే మిగిలి ఐదుగురిని ఓడించిన అద్భుతమును అతడు ఆనందింపలేడు. అది అతనికి నలువదివేల నష్టము. ఎదుటివాని గొప్పను చూచి చేతులు తట్టుట మనుష్యునకు దొరకు శుద్ధమైన సంతోషములలో నొకటి. పణము మొదట దానినే తినివేయును.

ఇక్కడ పూర్వపక్షము చేయువారు ఇట్లందురు: "పోటీలలో బహుమానముగ పెద్ద మొత్తములు లేవా? ధనాశ ఆటను చెఱచునన్నచో బహుమానమును చెఱుపదా?" ఇది తోసివేయదగిన మాట గాదు. 2018 అక్టోబరులో షాంఘై నగరమున జరిగిన ఒక పోటీలో మన దేశపు జట్టులోని యువకుడొకడు గుఱికి సాయపడు దొంగయంత్రాంగమును కంప్యూటరులో దాచి యాడుచు అక్కడికక్కడ పట్టుబడెను. జట్టంతయు అనర్హమై, చెదరిపోయెను. ఆటగానికి ఐదేండ్ల వెలి విధింపబడెను. అది గెలుపుపై ఆశ చేసిన పాపము. దానిని మేము తేలికగ చెప్పము. కాని భేదము గమనింపుడు. దొంగగెలుపు కోరువాడు ప్రత్యర్థిని మోసగించును. ఓటమిని అమ్మువాడు తన తోడివానిని, తన్ను నమ్మి చూచువానిని, తుదకు ఆటనే మోసగించును. బహుమానము గెలువుమని పిలుచును. ఆటయు గెలువుమనియే పిలుచును. పందెమొక్కటియే ఓడుటకు వెల కట్టును.

"వయసు వచ్చినవాని సొమ్ము వాని యిష్టము" అను రెండవ పూర్వపక్షమునకు పైన చెప్పినదే సమాధానము. సొమ్ము వానిదే, ఒడ్డబడిన మనిషి వానివాడు కాడు.

మన దేశమున శాసనమును ఈ భేదమును గుర్తించినది. తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను తమ తమ జూదనిషేధ చట్టములను సవరించి, ఇంటర్నెట్టులో పణము పెట్టి ఆడుటను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టము ఈ-స్పోర్ట్స్‌ను క్రీడగ అంగీకరించుచునే, పణము పెట్టు ఆటలను నిషేధించినది. ఇది సరియైన విభజన యని మా యభిప్రాయము. అయినను కోడిపందెములు చట్టవిరుద్ధములని ఎఱుగనివారు గోదావరి తీరమున నెవరు? ఏటేట బరులు సిద్ధమగుచునే యున్నవి. ఇంటిలో గౌరవము పొందని చట్టము వీధిలో గౌరవము పొందదు.

మఱునాడు ఉదయమున మా మిత్రుడు కుమారుని పిలిచి, కంప్యూటరును తీసివేయుదునని బెదరింపలేదు. "నేను ఇకమీద బరికి పోను. నువ్వు పందెం కాయకు. ఆట మాత్రం నాకొకసారి చూపించు" అనెను. తండ్రీకొడుకులు ప్రక్కప్రక్కన కూర్చుండి ఒక పోటీని మొదటినుండి తుదివఱకు చూచిరి. ఎవరు గెలిచినను ఆ యింట ఎవరికిని పోయినది లేదు. మధ్యలో ఒక ఆటగాడు గుఱి తప్పగా, కొడుకుకంటె ముందు తండ్రియే "అయ్యో" యనెను.

చదువరులారా, మీ పిల్లలు చూచు ఆట మంచిదో కాదో తెలిసికొనుటకు మేము చెప్పదగిన పరీక్ష యొకటియే: అందు పణమేమియు లేకున్నను వారు దానిని చూతురా? చూతురేని అది ఆట. చూడరేని అది జూదము. తుపాకి యున్నను, కోడి యున్నను, ఏమియు లేకున్నను. ఈ పరీక్షను పిల్లలకు పెట్టుటకు ముందు, సంక్రాంతినాడు మనకు మనము పెట్టుకొందము.