అవునుకు చేరిన చిన్న మాట



ఒట్టు పెట్టుకొనవద్దనీ, అవునుకు కాదుకు మించి పలుకవద్దనీ ప్రభువు కొండమీద బోధించెను (మత్తయి 5వ అధ్యాయము). అట్లయితే ఎదుటివారి మనసు నొచ్చకుండ అవునుకు ఒక మెత్తని మాట చేర్చుట సత్యమునకు లోటా? సింగపూరు ప్రజల వాడుక ఇంగ్లీషును చూస్తే ఈ ప్రశ్న మాకు తేటపడినది.

దానిని సింగ్లీషు అంటారు. ఇంగ్లీషులో హొక్కియెన్, కాంటనీస్, మలయ్, కొంత తమిళము కలిసిన పలుకు అది. ఈ పని అవుతుందా అని అడిగితే ‘క్యాన్’ అన్న ఒక్క మాటే పూర్తి జవాబు. కాని అది కొంచెము బిరుసు. ‘క్యాన్ లా’ అంటే “అవుతుందిలే, దిగులుపడకు” అని. ‘క్యాన్ లే’ అంటే (ఇది మన ‘లే’ కాదు సుమా) “అవుతుందనే అనుకుంటున్నానే” అని, కాదన్నవారితో మెల్లగా విభేదించుట. ‘క్యాన్ మే?’ అంటే సందేహము. ‘హోర్’ మన ‘కదా’ వంటిది. ‘క్యాన్ లోర్’ అంటే “సరే, ఇంకేం చేస్తాం, కానివ్వండి.” అంతా గొంతును బట్టి ఉంటుంది, విసుగుతో అంటే ‘లా’ కూడ గద్దింపే.

2000లో అప్పటి ప్రధానమంత్రి గో చోక్ తోంగ్ మంచి ఇంగ్లీషు మాట్లాడాలని ఉద్యమము ప్రారంభించారు. పరదేశీయులకు అర్థము కావాలి గనుక అది న్యాయమే. అయినా ఈ ‘లా’ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకు ఎక్కినది. దానిని కొట్టివేస్తే వాక్యము చెడదు, మర్యాద చెడుతుంది. మన ‘అండి’ అటువంటిదే. హుబ్లీలో ‘రీ’, చెన్నైలో ‘ంగ’ రోజూ వినే మీకు మేము చెప్పనక్కరలేదు.

ఇక సత్యము మాట. ‘క్యాన్ లోర్’ అన్నవాడు పని ఒప్పుకొన్నాడు, తనకు అంత ఇష్టము లేదనీ దాచలేదు. ప్రభువు చెప్పిన ఇద్దరు కుమారుల ఉపమానములో (మత్తయి 21) తండ్రికి జవాబిస్తూ ‘అయ్యా’ అని గౌరవముగా పలికినవాడే ద్రాక్షతోటకు వెళ్లలేదు. మర్యాద మాట అక్కడ ముసుగైనది. సింగపూరు వాని ‘లోర్’ ముసుగు కాదు, కిటికీ అని మా అభిప్రాయము.

సండే స్కూలుకు ఉపాధ్యాయులు కావాలని అడిగినప్పుడు “అలాగేనండి” అన్నవారిలో ఎందరు వస్తున్నారో పాస్టరుగార్లకు తెలుసు. ‘లోర్’కు సరిపోయే మాట మనకూ ఉన్నది: “సరేలెండి.” అది వినగానే మన పెద్దలు చిన్నబుచ్చుకొంటారు. అన్నవారికి ఆ వారము భారము ఎక్కువైనదేమో, ఇంకొకసారి అడిగి చూడవచ్చును.